సేమియాతో తూచిన తుపాకీ మందు

నా చిన్నప్పుడు బహ్రెయిన్ దేశంలో, రిఫా ఊళ్ళోని మా వంటింట్లో సేమియా పొట్లానికి రెండే గతులుండేవి. అయితే పాయసంలో పడటం, లేకపోతే తుపాకీ పరిశోధనలో పడటం. ఈ రెండో గతి మా కింద ఫ్లాటు మామయ్య వల్ల పట్టింది. వరసకు ఆయన నాకు మామయ్య కాదు. ఆయనది నిజామాబాద్ వైపు, మాది గోదావరి వైపు. కానీ సముద్రం దాటి వచ్చాక మెట్ల మీద రెండుసార్లు ఎదురుపడితే చాలు, చుట్టరికం దానంతటదే కలిసిపోతుంది. మా అమ్మ ఆయన్ని అన్నయ్యగారూ అనేది, కాబట్టి నాకు మామయ్య అయిపోయాడు.

ఆయన మీసం ఆయన కంటే అర నిమిషం ముందు మా గుమ్మంలోకి వచ్చేది. కళ్ళద్దాల గురించి చెప్పాలంటే, సోడాబుడ్డి అద్దాలు అంటే సోడాబుడ్డి చిన్నబుచ్చుకుంటుంది. ఆ అద్దాల్లోంచి నేనొకసారి మా ఇంటి చీమను చూసి, దానికి కనుబొమలు ఉన్నాయని బడిలో ప్రచారం చేశాను. అద్దాలు తీసేస్తే మాత్రం ఆయనకు ఎదురుగా ఉన్నది మనిషో బీరువానో తేలడానికి కాసేపు పట్టేది.

సైన్యంలో ఇరవయ్యేళ్ళు తుపాకుల మరమ్మతు చేసి వచ్చిన మనిషి. బహ్రెయిన్‌లో, ఎడారి వైపు ఉన్న ఒక షూటింగ్ క్లబ్బులో రైఫిల్ తూటాలు నింపే ఉద్యోగం ఆయనది. అదేం పనో నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. తూటా పేలాక ఇత్తడి తొడుగు మిగిలిపోతుంది. దాన్ని పారేయరు. కడిగి, సాఫు చేసి, అడుగున నిప్పు పుట్టించే చిన్న టోపీ పెట్టి, తుపాకీ మందు కొలిచి పోసి, మీద కొత్త గుండు బిగిస్తే మళ్ళీ కొత్త తూటా. ఇందులో ప్రాణమంతా ఆ మందు కొలతలోనే ఉంది. ప్రతి తొడుగులోనూ ఒకే బరువు పడాలి. ఒకదానిలో కాస్త తక్కువ, ఇంకోదానిలో కాస్త ఎక్కువ పడితే గుండు ఒకసారి కిందికి, ఒకసారి పైకి పోతుంది.

ఆ ఏడు సరిగ్గా అదే జరుగుతోంది. క్లబ్బులో మందు కొలిచే మిషను ముసలిదైపోయింది. గురి చూసి కొట్టేవాళ్ళ గుండ్లు గురికి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నాయి. ఎవరూ మిషన్ని తిట్టలేదు. తూటాలు నింపేవాడి చేతులు వణుకుతున్నాయన్నారు. క్లబ్బు సెక్రటరీ, ఒక బహ్రెయినీ పెద్దమనిషి, మామయ్యను పిలిచి మర్యాదగానే చెప్పాడట. గురువారం లోగా కొత్త మిషను నువ్వే ఎంచుకో, శుక్రవారం పోటీ ఉంది, అప్పుడూ ఇలాగే అయితే ఖలాస్, నిన్ను గేటు దగ్గర కుర్చీలో వేస్తాను అని.

గేటు దగ్గర కుర్చీ అంటే నాకు భలే ఉద్యోగం అనిపించింది. పొద్దస్తమానం కూర్చోవచ్చు. ఆ మాట మా వంటింట్లో అనేశాను కూడా. మెంతికూర వలుస్తున్న అత్తయ్య, అంటే మామయ్య భార్య, చేతిలో కాడ అలాగే పట్టుకుని ఆగిపోయింది.

"గేటు జీతానికి ఫ్యామిలీ వీసా రాదు బిడ్డా," అంది. "నేను మళ్ళ ఊరికి పోవాలె."

పెళ్ళయిన పన్నెండేళ్ళకు అత్తయ్య బహ్రెయిన్ వచ్చింది. వచ్చి ఎనిమిది నెలలే అయింది. అంతకు ముందు ఆ ఇద్దరూ కలిసి గడిపిన రోజులన్నీ గుదిగుచ్చితే ఒక ఏడాది నిండదని మా అమ్మ చెప్పింది. మా అమ్మ లెక్కల్లో అతిశయోక్తి ఉండదు. ఆ విద్య నాకు నాన్న వైపు నుంచి వచ్చింది.

పోటీకి ముందు సోమవారం మామయ్య రెండు మిషన్లను గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చాడు. ఖాళీవే. క్లబ్బు మందు ఒక్క గింజ కూడా గేటు దాటి బయటికి రాకూడదు, ఆయన రానిచ్చే మనిషీ కాదు. క్లబ్బులో కూర్చుని తీరిగ్గా పరీక్షిద్దామంటే, మీనా సల్మాన్ రేవులోని గోడౌను నుంచి వచ్చిన సేల్స్‌మన్ ఒకడు భుజం మీద కాకిలా వాలి, భాయ్ ఎర్రది తీసుకో, భాయ్ ఎర్రది తీసుకో అని అరుస్తున్నాడట. అందుకని ముందు ఇంట్లో వాటి నడక తెలుసుకుని, తర్వాత క్లబ్బులో అసలు మందుతో చూసుకుందామనుకున్నాడు.

ఆ ఎర్రదాన్ని చూడగానే నా మనసు పోయింది. అంత ఎరుపు నేను పెళ్ళి చీరల్లో కూడా చూడలేదు. ఇత్తడి పిడి, గాజులా మెరిసే గొట్టం. దాన్ని బల్ల మీద పెడితే గదిలో ఇంకో బల్బు వేసినట్టయింది. రెండోది నల్లది. ఎవరో వాడి అమ్మేసిన ఇనప ముద్ద. ఆముదం డబ్బాకూ కుట్టుమిషనుకూ పుట్టిన బిడ్డలా ఉంది. పనితీరు మాత్రం రెండిటిదీ ఒకటే. పైన గొట్టంలో మందు పోస్తారు. పిడి పైకెత్తితే లోపల తిరిగే గుండ్రటి కడ్డీలోని గుంట నిండుతుంది. పిడి కిందికి దించితే ఆ గుంటెడు మందు కింద పడుతుంది. గుంట ఎంత లోతుండాలో పక్కనున్న మరతో సరిచేసుకోవచ్చు.

అప్పుడే ఆ ఘోరం జరిగింది. ఎర్రదాన్ని దగ్గరగా చూద్దామని సోఫాలో ఎగిరి కూర్చున్నాను. మామయ్య కళ్ళద్దాలు అక్కడే ఉన్నాయి. ఆ వచ్చిన చప్పుడు హమద్ టౌన్ దాకా వినిపించి ఉంటుంది. అన్నాళ్ళూ నాకు ఆ అద్దాలు పగలగొట్టాలంటే సమ్మెట కావాలని గట్టి నమ్మకం. పదేళ్ళ పిల్ల చాలని ఆ రోజు తేలింది.

మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. తడుముకుంటూ ముక్కలు ఏరి రుమాల్లో కట్టుకున్నాడు. మా అమ్మ పరుగున వచ్చి ఏమైందంటే, చెయ్యి జారి పడ్డాయన్నాడు. కొత్తవి రావడానికి మూడు రోజులు పడుతుందని షాపువాడు చెప్పాడు. గురువారం దాకా అన్నమాట. మిషను పోసింది తూచి తక్కెడ మీద అంకె చదవాల్సిన మనిషికి తక్కెడే కనిపించదు. ఇంక చేసేదేముంది, అద్దాలు మింగేసిన నన్నే అద్దాలుగా వాడుకుందామనుకున్నాడు.

"నేను పిడి గుంజుత. నువ్వు ముల్లు సూసి నోటుబుక్కుల రాయి. నువ్వేం జూస్తె గదే రాయాలె. సరేనా?"

సరేనన్నాను. జిల్లా కలెక్టరు ఉద్యోగం వచ్చినా అంత గర్వపడేదాన్ని కాదు.

ఇక సేమియా సంగతి. క్లబ్బులో వాడే తుపాకీ మందు పేరుకే పొడి. నిజానికి సన్నని పుల్లల్ని చిన్న చిన్న ముక్కలుగా నరికినట్టుంటుంది. సేల్స్‌మన్ మాత్రం ఎర్రదాన్ని ఇసకలాంటి సన్నని మందు పోసి చూపించాడు. ఇసక ఏ గరిటెలోనైనా ఒకేలా పడుతుంది, పుల్లలైతే అడ్డం పడతాయి. అందుకని మామయ్య మా ఇంటి డబ్బాలన్నీ వేళ్ళతో తడిమి తడిమి, చివరికి సేమియా పొట్లం పట్టుకున్నాడు.

"అన్నయ్యగారూ, అది శుక్రవారం పాయసానికి దాచానండీ! మీ తుపాకీకి నా సేమియా ఏంటండీ?" అంది అమ్మ.

"మీ సేమియా ఫౌజుల చేరుతున్నది చెల్లెమ్మా, సంతోషపడాలె," అన్నాడు మామయ్య.

చివరికి ఒప్పందం కుదిరింది. సగం పొట్లం పరీక్షకు. పరీక్ష తొందరగా తేలిపోతే మిగతా సగంతో ఆ సాయంత్రమే పాయసం. ఒక్కో మిషన్ను పదిసార్లు లాగాలని, ఏదైనా ఒకసారికీ ఇంకోసారికీ తేడా చేస్తే మాత్రం మళ్ళీ మొదటి నుంచి ఇరవైసార్లు లాగాలని మామయ్య నిబంధన. ఇరవైసార్లు లాగితే పొట్లంలో పుల్ల మిగలదని అమ్మ నిబంధన.

సేమియాను గోరంత ముక్కలుగా విరవడానికే గంట పట్టింది. తర్వాత ఇద్దరం బల్ల ముందు కూర్చున్నాం. క్లబ్బు నుంచి తెచ్చిన తక్కెడకు ఒకవైపు చిన్న పళ్ళెం, రెండోవైపు అంకెలు చెక్కిన పలక, దాని మీద కదిలే ముల్లు. అది గ్రెయిన్లలో తూస్తుంది. ఒక గ్రాములో పదిహేను గ్రెయిన్లకు పైగా ఉంటాయి. నేను తుమ్మితే పన్నెండు గ్రెయిన్లు ఎగిరిపోతాయని మామయ్య భయపెట్టాడు. తుమ్ము వచ్చినప్పుడల్లా బాల్కనీలోకి పరుగెత్తి తుమ్మి వచ్చాను.

మేము పెట్టుకున్న లెక్క నలభై గ్రెయిన్లు. మామయ్య పిడి పైకెత్తి, మనసులో రెండు లెక్కపెట్టి, కిందికి దించి, వేలితో ఒక్కసారి తట్టేవాడు. ప్రతిసారీ అంతే. గడియారం కూడా ఆయన్ని చూసి నేర్చుకోవాలి. నేను తూచి, అంకె రాసి, ఆ సేమియాను కాగితంలో పొట్లం కట్టి మీద నంబరు వేసేదాన్ని. పొట్లాలెందుకు మామయ్యా అంటే, అది ఫౌజు అలవాటన్నాడు.

ముందు ఎర్రది. మొదటిసారి నలభై. రెండోసారి నలభై. నేను చప్పట్లు కొట్టాను. మూడోసారి పిడి దిగుతుంటే లోపల కరుక్కుమంది. సేమియా పుల్ల ఒకటి అడ్డంపడి విరిగింది. ముల్లు ముప్పై తొమ్మిది దగ్గర ఆగిపోయింది.

ఇరవైసార్లు లాగడం, ఖాళీ పొట్లం, పాయసం లేని సాయంత్రం నా కళ్ళ ముందు కదిలాయి. నలభైకీ ముప్పై తొమ్మిదికీ మధ్య ఎంత? ఒక్కటి. బడిలో లెక్కల టీచరు దగ్గరి పదికి సవరించి రాయమని చెప్పనే చెప్పింది. చదువును గౌరవించి నలభై అని రాసేశాను. ఏడోసారి మళ్ళీ కరుక్కుమంది. ఈసారి నలభై ఒకటి దాటింది. చదువును మళ్ళీ గౌరవించాను. అలా పదింటిలో నాలుగుసార్లు గౌరవించాను.

తర్వాత నల్లది. అది మొదటిసారే ముప్పై తొమ్మిదిన్నర వేసింది. రెండోసారీ అంతే. పదిసార్లూ అంతే, మధ్యలో ఒకసారి వెంట్రుకవాసి తేడా. ఈ మొద్దు మొహం మీద నాకు జాలి కూడా కలగలేదు. దీనికి ఒక్క సవరణ కూడా చెయ్యకుండా ఉన్నదున్నట్టు రాశాను. ఎర్రది ఎంత లేదన్నా ఆరు మార్కులు తెచ్చుకుంది, నల్లదానికి పదికి సున్నా. మా బడిలోనైతే దాన్ని బెంచీ ఎక్కించేవాళ్ళు.

"సదువు బిడ్డా."

ఎర్రదాని నలభైలన్నీ ఎక్కాల్లా ఒకే రాగంలో చదివాను. మామయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. మీసం కొస మెలితిప్పాడు.

"మస్తుగున్నది. గింత మంచి మిషన్ను నేను సర్వీసుల సూడలే," అని, అత్తయ్యను పిలిచి కింద ఫ్లాటు నుంచి ఇంకో తక్కెడ తెప్పించాడు. అది రెండు పళ్ళేల కంసాలి తక్కెడ. అత్తయ్య వచ్చిన కొత్తలో మనామా బంగారం బజారులో ముక్కుపుడక కొంటూ, షాపువాణ్ణి నమ్మలేక మామయ్య దీన్ని కూడా కొనుక్కొచ్చాడు. ముక్కుపుడక కంటే తక్కెడకే ఎక్కువైందని అత్తయ్య అప్పటికీ దెప్పేది.

"ఎర్రదాని మూడో పొట్లం ఈ పళ్ళెంల పొయ్యి. ఏడో పొట్లం ఆ పళ్ళెంల పొయ్యి."

పోశాను. ఏడో పళ్ళెం బావిలోకి బొక్కెనలా దిగిపోయింది. మూడోది గాల్లో ఊగుతూ నా వంక చూసింది.

"ఏమైంది బిడ్డా? రెండూ నలభయ్యే గద?"

"తక్కెడ పాడైపోయింది మామయ్యా," అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"గట్లనా! ముక్కుపుడక షాపోడు మోసం జేసిండన్నట్టు. సరే, గిప్పుడు నల్లదాని మూడు, ఏడు పొయ్యి."

పోశాను. పళ్ళేలు రెండూ ఎదురెదురుగా నిలబడి, కదలకుండా, బుద్ధిమంతుల్లా ఆగిపోయాయి. నేను ఊదినా మళ్ళీ అక్కడికే వచ్చాయి.

"తక్కెడ బాగైందా?"

నేను ఖాళీ పొట్లాల కాగితాలు మడతపెట్టడం మొదలుపెట్టాను.

"అరె, నల్లదాన్ని సూడంగనే తక్కెడకు బుద్ధొచ్చింది గదనే!" అని మామయ్య నవ్వాడు. అత్తయ్య నవ్వలేదు. ఆవిడ తలుపు దగ్గర నిలబడి నా నోటుబుక్కు వంక చూస్తోంది. ఆ పుస్తకంలో నేను రాసింది నమ్మి ఆయన ఎర్రదాన్ని తీసుకుంటే, శుక్రవారం ఏమవుతుందో, తర్వాత ఆవిడ ఎక్కడికి పోవాలో అప్పుడు నాకు ఒక్కసారిగా తెలిసింది. ఏడుపు వచ్చేసింది. మామూలు ఏడుపు కాదు, ఆ రోజు సముద్రం మట్టం పెరగలేదంటే నేను నమ్మను.

ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ముల్లు కనిపించకపోయినా చేతికి పిడి చెబుతుంది, చెవికి కరుక్కుమన్న చప్పుడు చెబుతుంది. పుల్ల విరిగిన ప్రతిసారీ కొలత తప్పుతుందని ఆయనకు తెలిసినంత ఆ మిషన్ను చేసినవాడికి కూడా తెలియదు. ఎర్రది కరుక్కుమన్న నాలుగుసార్లూ ఆయన లోపల గుర్తుపెట్టుకున్నాడు. అయినా నన్ను అబద్ధాలకోరు అనలేదు. అమ్మను పిలవలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా అన్నాడు.

"ఇయ్యాల నాకు కండ్లు లేవు బిడ్డా. నీ కండ్లే నా కండ్లు. అవి ముల్లు దిక్కు సూస్తున్నయా, పాయసం దిక్కు సూస్తున్నయా?"

"రెండు వైపులా," అన్నాను వెక్కుతూ. కనీసం ఆ మాటైనా నిజం.

తర్వాత ఆయన నాకు చెప్పిన సంగతిని పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా నాకు అంత తేలిగ్గా చెప్పలేకపోయారు. ఎర్రది ఆరుసార్లు సరిగ్గా వేసింది, నిజమే. కానీ మిగతా నాలుగు ఎప్పుడు తప్పుతుందో, ఎటు తప్పుతుందో దానికే తెలియదు. నల్లది పదిసార్లూ తప్పింది, కానీ పదిసార్లూ ఒకే తీరుగా తప్పింది. దాని తప్పు ఎంతో మనకు తెలిసిపోయింది కాబట్టి దాన్ని దిద్దుకోవచ్చు. ఇలా అంటూనే నల్లదాని పక్కనున్న మరను చీమ తల తిప్పినంత తిప్పాడు. మళ్ళీ లాగాడు. ముల్లు నలభై మీద నిలబడింది. మళ్ళీ లాగాడు, నలభై. అలా పదిసార్లు. ఆ పదిలో ఒకటి నలభైకి రవ్వంత తక్కువ వస్తే నేను అంతే రాశాను. రాసి ఆయన చెవిలో గట్టిగా చదివాను.

"ఆ నాలుగు తప్పులు దాచినవు సూడు," అన్నాడు పిడి తుడుస్తూ, "ఎక్కువ మందు పడ్డది ఎవరి చెంప పక్కన పేలుతదో మనకు తెల్వదు. లెక్కల అది కనబడాలె. కనబడితెనే ఆపుతం."

ఎర్రదాని పొట్లాలు పదీ మళ్ళీ తూచాను. పాత అంకెలు చెరపడానికి రబ్బరు తీస్తే మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. చెరపొద్దన్నాడు. నలభై మీద ఒక్క గీత కొట్టమన్నాడు. పిచ్చిగీతలు కాదు, ఒక్కటే, కింద ఏమి రాశానో చదవడానికి వీలుగా. పక్కన అసలు అంకె వేసి, దాని కింద నా పేరులో మొదటి అక్షరం పెట్టించాడు. తప్పు రాసింది నేనే, దిద్దిందీ నేనేనని ఆ అక్షరం చెప్పాలన్నాడు. నాలుగు గీతలు, నాలుగు అక్షరాలు. నేను జీవితంలో చేసిన మొదటి సంతకాలవే.

ఇంతలో సేమియా పూర్తిగా అయిపోయింది. అమ్మ ఆ ముక్కలన్నీ పోగేసి ఉప్మా చేసింది. ఆ ఉప్మాలో నలభై గ్రెయిన్ల ఇనుము తగిలిందని నేను ఇప్పటికీ వాదిస్తాను.

గురువారం కొత్త అద్దాలు వచ్చాయి. మామయ్య క్లబ్బులో అసలు మందు పోసి రెండు మిషన్లనూ సెక్రటరీ ముందే లాగి చూపించాడు. సేల్స్‌మన్ ఎర్రదాన్ని పొగుడుతూనే ఉన్నాడట. సెక్రటరీ నల్లదాని మొహం చూసి మొహం చిట్లించాడట. మామయ్య ఏమీ వాదించలేదు. రెండు మిషన్లతో చెరో ఐదు తూటాలు నింపి, యల్లా, కానివ్వండి, కొట్టి చూడండి అన్నాడు. ఎర్రదాని ఐదు చిల్లులు గురి అట్ట మీద ఇరుగుపొరుగుతో మాటలు లేనట్టు పడ్డాయి. నల్లదాని ఐదింటినీ కలిపి ఒక వంద ఫిల్సు నాణెపు బిళ్ళ కింద దాచేయవచ్చు. ఆ అట్టను మామయ్య ఇంటికి తెచ్చి మా కళ్ళ ముందే బిళ్ళ పెట్టి చూపించాడు. అందుకే ఈ ఒక్క కొలతలో నా అతిశయోక్తి లేదు.

పోటీ బాగా జరిగింది. మామయ్య చేతులు వణుకుతున్నాయన్నవాళ్ళు వరసలో నిలబడి తూటాలు అడిగారు. కాంట్రాక్టు ఇంకో రెండేళ్ళకు పొడిగించారు. ఆ కబురు తెచ్చిన రోజు అత్తయ్య మా ఇంటికి వచ్చి నా తల దువ్వి జడ వేసింది. ఎంత గట్టిగా లాగి వేసిందంటే రెండు రోజులు నా కనుబొమలు నెత్తి మీదే ఉన్నాయి.

నేను ఇప్పటికీ బహ్రెయిన్‌లోనే ఉన్నాను. ఒక నీటి పరీక్షల ల్యాబులో ఉద్యోగం. బయట నా మాటల్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. నేను పట్టిన హమూర్ చేప కారు డిక్కీలో పట్టలేదని మా ఆయన స్నేహితులందరికీ చెప్పి ఉన్నాను. అది కూరలో రెండు ముక్కలైంది.

పోయిన నెల ఒక గురువారం సాయంత్రం, అందరూ ఇళ్ళకు బయలుదేరుతుంటే, ఒక లేబర్ క్యాంపు నుంచి వచ్చిన నీళ్ళ సీసాల్లో ఒకదాని మురికి అంకె తేడాగా వచ్చింది. మిగతావన్నీ చక్కగా ఉన్నాయి. కొత్తగా చేరిన అమ్మాయి, "మేడం, ఇదొక్కటే కదండీ, మిషను తప్పు చూపించి ఉంటుంది, పక్కవాటిలాగే రాసేద్దామా?" అంది. తప్పేమీ లేదు ఆ పిల్లది, ఇంటి దగ్గర ఎవరో ఎదురుచూస్తున్నారు. నేను కుర్చీ దగ్గరికి జరిపి, ఆ సీసా మళ్ళీ పరీక్ష చేయించాను. మళ్ళీ అదే అంకె. క్యాంపుకు ఫోను చేశాం. ఆ కుళాయికి నీళ్ళిచ్చే ట్యాంకు మూత విరిగి చాలా రోజులైందట. ఆ కుళాయి కింద రోజూ నలభై మంది మొహాలు కడుక్కుని, సీసాలు నింపుకుని డ్యూటీకి పోతారు. అదే సాయంత్రం దాన్ని మూసేశారు.

ఆ అమ్మాయి నన్ను అడుగుతూనే రిజిస్టరులో పక్కవాటి అంకె రాసేసింది. రాసింది కప్పేసే తెల్ల రంగు సీసా కోసం సొరుగు వెతుకుతుంటే, పెన్ను ఇచ్చి ఒక్క గీత కొట్టమన్నాను. పక్కన అసలు అంకె వేసి, దాని కింద తన పేరులో మొదటి అక్షరం పెట్టమన్నాను. అదే పేజీలో, పైన మూడో వరసలో, ఆ ఉదయం నేను తప్పు రాసి కొట్టేసిన అంకె ఒకటి ఉంది. గీత కింద ఎంత స్పష్టంగా చదవవచ్చో ఆ పిల్లకు వేలు పెట్టి చూపించాను.